ఎస్కేప్ మీద పడే వేలు

నా ఎడమ చేతి చిటికెన వేలు నా మాట వినదు. ఏదైనా టైపు చేయడం అయిందంటే చాలు, తనంతట తానే కీబోర్డు పై మూలకు పోయి ఎస్కేప్ నొక్కి వస్తుంది. ఇన్నేళ్లుగా నేను ప్రోగ్రాములు రాయడానికి వాడే ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పిన బుద్ధి అది. నల్లటి తెర, మౌసుతో పనే ఉండదు. అవే మీటలు ఒకసారి అక్షరాలు, ఇంకోసారి ఆజ్ఞలు. రాయడం ఆపి ఆజ్ఞ ఇవ్వాలంటే ముందు ఎస్కేప్ నొక్కాలి. ఇంట్లో గ్యాస్ బుక్ చేద్దామని కూర్చున్నా వేలు అటే పోతుంది, తెర మీద తెరుచుకున్న పెట్టె కాస్తా మూసుకుపోతుంది. "గా వేలికి పట్టీ అన్న కట్టుకోరాదయ్యా" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

మా ఆఫీసు మేడ్చల్‌లో హైవే పక్కన, సిమెంటు దుకాణం పైన. శామీర్‌పేట దాకా ఉన్న కోళ్ల ఫారాలకు, గుడ్లు పొదిగించే హేచరీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. పొదిగే మిషన్‌లో వేడి తగ్గితే ఓనరుకు ఫోన్ మోగించే ప్రోగ్రాము నాది. పెర్ల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాశాను, లినక్స్ మీద నడుస్తుంది. పెర్ల్ అనగానే ఇప్పటివాళ్లు ముఖం అదోలా పెడతారు, కోడి గీకినట్టు ఉంటుందట. ఉండనీ. నాకు ఆలోచన వచ్చేదే ఆ భాషలో.

ఆఫీసులో నాకు ఒకే ఒక్క శత్రువు. పక్క కుర్చీవాడే. నాకంటే కొంచెం చిన్న, బౌరంపేట నుంచి బండి మీద వస్తాడు. అతనిది విండోస్, జావా భాష, బటన్లతో కిక్కిరిసిన పెద్ద ఎడిటర్. ఇద్దరం చేరిన కొత్తలో మొదలైన గొడవ, కింద చాయ్ బండి దగ్గర రోజూ సాగేది.

"మౌసు ముట్టకుంటే పని జల్దీ అయితదని ఎవడు జెప్పిండే నీకు?" అనేవాడు.

"నీ ఎడిటర్ తెరుసుకునేలోపట నేను రెండో చాయ్ తాగొస్త" అనేవాణ్ణి.

మా అరుపులు విని చాయ్ బండి ఆయన మొదట్లో భూమి తగాదా అనుకున్నాడు. "ఏ సర్వే నంబర్ది సార్ గీ లొల్లి?" అని ఒకరోజు మెల్లగా అడిగాడు. అప్పటి నుంచీ మా గొడవకు సర్వే నంబర్ లొల్లి అనే పేరు స్థిరపడింది. మా బాపు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా ప్రోగ్రామును ఆ శత్రువే చూసుకున్నాడు. ఫోన్ చేసి మరీ "ఏం రాసినవే గిది, మనిషి రాసినట్టే లేదు" అని తిట్టి, ఆ తిట్ల మధ్యలోనే బాపుకు ఎలా ఉందని అడిగాడు.

మొన్న ఎండాకాలం మా బాసు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇకమీదట అందరికీ ఒకటే రకం మిషన్, ఒకటే టూల్, ఒకటే భాష. ఏం కావాలో చెబితే కోడ్ ఆ టూలే రాస్తుంది, మనం చదివి సరే అంటే చాలు. పాత ప్రోగ్రాములన్నీ అదే మార్చేస్తుంది. "మీ మీ ఇష్టాలు ఇంట్ల పెట్టుకోండ్రి" అని నవ్వాడు. మినహాయింపు కావాలనుకున్నవాళ్లను కారణం రాసి శుక్రవారం సాయంత్రంలోగా పంపమన్నాడు.

నాకు భయం వేసింది. నా పనితనమంతా ఈ చేతుల్లోనే ఉంది. అది పోతే, యాభైకి దగ్గరపడ్డ వయసులో, నేను ఈ ఆఫీసులో నిన్న చేరినవాడితో సమానం. ఆ మాట ఇంట్లో కూడా అనలేకపోయాను.

శుక్రవారం పొద్దున కొత్త మిషన్ ముందు కూర్చుని, మినహాయింపు కోసం తెర మీద ఇచ్చిన పెట్టెలో రాయడం మొదలుపెట్టాను. హేచరీ ప్రోగ్రాములో ప్రతి మలుపూ ఎందుకుందో రాశాను. కరెంటు పోయి వచ్చినప్పుడు వేడి లెక్క ఎలా తప్పుతుందో, దాన్ని ఎలా పట్టుకున్నానో రాశాను. చివర సిగ్గు విడిచి ఇంకో మాట కూడా రాశాను: నా చేతులతో నన్ను పని చేయనివ్వండి. భోజనాల వేళకు పూర్తయింది. తృప్తిగా వెనక్కి వాలాను.

వేలు పోయి ఎస్కేప్ నొక్కింది.

పెట్టె మూసుకుపోయింది. మూయమంటావా అని కూడా అడగలేదు. మళ్లీ తెరిస్తే తెల్లగా, ఖాళీగా ఉంది. నా ఎడిటరే ఉంటే ఒక్క అక్షరం పోయేది కాదు. దాన్ని కాపాడుకోవడానికి రాసింది అది నేర్పిన అలవాటు వల్లే పోయింది. నవ్వు రాలేదు.

శత్రువు పక్క నుంచి చూస్తున్నాడు. ఇప్పుడు దొరికాను కదా, సాయంత్రం దాకా ఏడిపిస్తాడు అనుకున్నాను. నిజానికి అదే కావాలనిపించింది.

"మళ్ల రాయరాదే" అన్నాడు.

"నువ్వు పంపినవా?"

"నేనేం రాయలే అన్నా. ఏదైతే ఏంది? అది రాస్తది, మనం సరే అంటం. పొద్దు పోతది."

ఒళ్లు మండింది. "నీ ఎడిటర్ అసలు ఎడిటరే కాదు. ఇన్నేండ్లు బటన్లు నొక్కుడే నేర్సుకున్నవు" అన్నాను, కావాలనే, గట్టిగా, నా మీదికి లేస్తాడని.

అతను కొత్త తెర వైపు తిరిగాడు. "అవునన్నా, నువ్వన్నదే కరెక్టు. నీ ఎడిటరే మంచిగ ఉండె" అన్నాడు.

ఇన్నేళ్లూ అతని నోటి నుంచి రావాలని నేను పోరాడిన మాట అది. అంత నీరసంగా వస్తుందనుకోలేదు. మళ్లీ రాయడానికి సాయంత్రం దాకా వ్యవధి ఉంది. కానీ చేతులు లేవలేదు. తిట్టడానికైనా నా కోడ్ చదివే మనిషి అతనొక్కడే. అతనే వదిలేశాక ఇంకెవరి కోసం రాయాలి? గడువు దాటేదాకా అలాగే కూర్చున్నాను.

చాయ్ తాగడానికి ఇద్దరం కిందికి దిగాం. అతను ఫోన్ చూసుకుంటున్నాడు, నేను రోడ్డు మీద లారీలను చూస్తున్నాను. చాయ్ బండి ఆయన గ్లాసులు అందిస్తూ మా ఇద్దరి ముఖాల్లోకి మార్చి మార్చి చూశాడు.

"ఏంది సార్, ఇయ్యాల సప్పుడు లేదు. పంచాయితీ ఒడిసిందా?"

"ఒడిసింది" అన్నాను.

"మరి ఎవలు గెలిసిన్రు?"

అతను ఫోన్ నుంచి తల ఎత్తలేదు.

"నేనే" అన్నాను.