బాయిలర్ పైపుకు కుక్కర్ రబ్బరు

మూడు నిమిషాల ఫోను మాటతో ఒక వడ్ల మిల్లును ఆపించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వదలచుకున్నవాళ్లు నవ్వండి. కానీ కాస్త మర్యాదగా నవ్వండి, ఎందుకంటే ఈ ఘనకార్యంలో ఒకాయన చెయ్యి కాలింది.

ఎనభైల మొదటి మాట. హైదరాబాదులో పుట్టి పెరిగి, డిగ్రీలో ఒక సబ్జెక్టు దగ్గర ఇరుక్కుపోయి, వరంగల్ స్టేషన్ రోడ్డులోని మా మేనమామ దుకాణంలో వచ్చిపడ్డాను. మామ పని గాస్కెట్లు కోయడం. రెండు పైపులు కలిసేచోట నీళ్లో, నూనో, ఆవిరో కారకుండా మధ్యలో పెట్టి బిగించే బిళ్ల అది. మిల్లువాళ్లు జాయింటు అంటారు. మామ కోసేముందు పాత జాయింటు చేతిలో పట్టుకుని, వంచి, గోటితో గీకి, మూడు ప్రశ్నలు అడిగేవాడు: "లోపట ఏం పోతది? ఎంత ఏడి? ఎంత జోరు?" జవాబు రాకపోతే దేవుడొచ్చి నిలబడ్డా కత్తెర ముట్టడు.

నాకు ఈ తతంగం చూస్తే ఒళ్లు మండేది. ఆ దుకాణంలో నాకు నచ్చింది ఒక్కటే, నల్ల టెలిఫోను. పొద్దున ఎత్తితే అన్నానికే దించేవాణ్ని. చెవికి రిసీవరు లేకపోతే తల ఒక పక్క తేలికై మనిషినే ఒరిగిపోతానేమోనని నా భయం.

ఆ రోజు మామ సుబేదారిలో ఏదో ఆఫీసు పనికి బయలుదేరుతూ, "పొద్దుగూకంగ వస్త అల్లుడా. తెలువనిది ఏదన్న వస్తె ఆగుమను" అన్నాడు. ఆగడం నా జాతకంలో లేదు.

కాసేపటికి కాశిబుగ్గ అవతలున్న ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి మొగిలయ్య సైకిలు మీద వచ్చాడు. బాయిలర్ చూసుకునే మనిషి, యాభై దాటినవాడు. చేతిలో విరిగిపోయిన బూడిదరంగు జాయింటు.

"చిన్నసేటూ, ఆవిరి పైపుది పోయింది. గిసొంటిదే, గా ఆస్బెస్టాస్ షీటుల కోసియ్యిన్రి. తొట్టిల ముప్పై బస్తాల వడ్లు నాని ఉన్నయ్. పొద్దుగూకే లోపట ఆవిరి పట్టకుంటె పులుస్తయ్. పులిసినయంటె మా సేటు నన్ను పనిల ఉండనియ్యడు."

ఇంత స్పష్టంగా చెప్పాడు. షీటు ఎదురుగానే ఉంది. కోసి ఇచ్చి ఉంటే మీకు ఈ నవ్వూ లేదు, నాకు ఈ సిగ్గూ లేదు. కానీ ఆ షీటు వానకు తడిసి ఎండిన అట్టలా ఉంది. దాని పక్కనే వేలు మందాన ఎర్ర రబ్బరు, కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది.

"రబ్బరు పెడ్త. మందంగ ఉంటది, నొక్కితె నొక్కుకుంటది. చుక్క కారదు."

"ఆవిరికి రబ్బరు ఆగదు సేటూ."

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పుడేంది? ఇరువై ఏండ్ల సంది నేనే బిగిస్తాన్న."

"కుక్కరు చూసినవా ఎప్పుడన్న?"

"గదేంది?"

"అన్నం వండేది. లోపటంత ఆవిరే. మూతకు ఏముంటదో ఎరుకేనా? రబ్బరు!"

"మా ఇంట్ల కుండ సేటూ. ఆవిరొస్తె మూత తీస్తం."

నాకు సర్రున కోపం వచ్చింది. "నమ్మవా? ఆగు!" అని హైదరాబాదుకు అర్జెంటు ట్రంకు కాలు బుక్ చేశాను. అక్కడ వడ్లు నానుతుంటే ఇక్కడ నేను సాక్షిని పిలిపిస్తున్నాను! చాలాసేపటికి లైను కలిసింది. పక్కింటి ఫోను దగ్గరికి మా అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే. కుక్కరు మూతకు ఏముంటదో చెప్పు!"

"రబ్బరు ఉంటది. ఎందుకురా? జరమొచ్చిందా?"

రిసీవరు మొగిలయ్య చెవికి ఆనించాను. "అమ్మా, జర మళ్లొకసారి చెప్పు!"

"రబ్బరు!" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

మొగిలయ్య రిసీవరుకే దండం పెట్టాడు. "అమ్మ చెప్పినంక ఇగ నేనేమంట" అన్నాడు. ఇంకో దుకాణం వెతుక్కునే టైము నేనే తినేశాను మరి. కోర్టులో భూమి ఓడిపోయిన రైతులా రబ్బరు బిళ్ల తీసుకుని సైకిలెక్కాడు.

నేను ఊరుకుంటానా? మిల్లుకు ఫోను చేశాను. గుమాస్తా ఎత్తాడు.

"ఆవిరి వదిలిన్రా?"

"వదిలిన్రు. చుక్క కారుతలేదు."

కాలరు ఎగరేశాను. కాసేపాగి మళ్లీ చేశాను.

"ఎట్లున్నది?"

"టైరు కాలిన వాసనొస్తాంది."

"కొత్తది గద, గట్లనే ఉంటది."

మళ్లీ చేశాను. "ఇప్పుడు?"

"రబ్బరు బయటికొస్తాంది. కుక్క నాలుక చాపినట్టు."

"నట్లు ఇంక బిగించుమను!"

ఆ తర్వాత ఫోనులో మాట వినపడలేదు. బుస్సుమని ఒక్కటే మోత. దాని వెనక గుమాస్తా కేక: "మొగిలయ్యా! చెయ్యి! చెయ్యి!"

ఇక్కడ కాస్త నవ్వు ఆపండి. తడి గోనె చుట్టుకుని ఆవిరిలోకి చెయ్యి పెట్టి ఆయనే వాల్వు మూశాడు. మోచేతి దాకా బొబ్బలెక్కింది. దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించారు. తొట్టిలో వడ్లు పులిశాయి.

మామ వచ్చి, విని, నన్ను నిలదీశాడు. "కుక్కరు రబ్బరు గాడిల కూసుంటది, ఎటూ జారదు. జోరెక్కువైతె ఆవిరి కూతపెట్టి పోతది. బాయిలర్ పైపుల నీ రబ్బరుకు గాడి ఏది? గా ఏడి, గీ ఏడి ఒక్కటేనారా?"

కుక్కరు కొంచెం, కూత ఘనం అని నాకప్పుడు అర్థమైంది.

ఇంతలో మిల్లు సేటు నుంచి ఫోను. మామ విని అన్నాడు: "తప్పు జాయింటు బిగించిండని మొగిలయ్యను తీసేస్తాండట."

నేను రిసీవరు కోసం చెయ్యి చాపాను. మామ ఠక్కున పెట్టేశాడు. "ఫోన్ల చేసిన తప్పు ఫోన్లనే ఒప్పుకుంటవా? నడువు."

మిల్లులో పులిసిన వడ్ల కంపు మధ్య సేటు కుర్చీలో ఉన్నాడు. మొగిలయ్య కట్టుతో గోడవార నిలబడి ఉన్నాడు. నేను సేటు ముందుకెళ్లి చెప్పాను: "ఆయన ఆస్బెస్టాసే అడిగిండు. నేనే ఇయ్యలే. ఆయన తప్పు ఏం లేదు."

"మరి రబ్బరు పెట్టుమని ఎవరు చెప్పిన్రు?"

"మా అమ్మ."

సేటు మామ వైపు తిరిగాడు. "మీ అక్కకు బాయిలర్లు తెలుసా?"

"మా అక్కకు పప్పు తెలుసు" అన్నాడు మామ.

సేటు ముందు నవ్వాడు, తర్వాత తిట్టాడు. చివరికి, "మొగిలయ్యా, నీ పని నీకే ఉంటది. ఇగ జాయింటు నువ్వు చెప్పిందే కోయాలె" అన్నాడు. నేను మొగిలయ్య దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను. ఆయన అన్నాడు: "ఫికర్ చెయ్యకున్రి. చెయ్యి మానుతది. అమ్మకు మాత్రం చెప్పకున్రి, పరేశానయితది."

చెయ్యి మానింది. మానాక ఒక పొద్దున ఫోను మోగింది, నేనే ఎత్తాను.

"చిన్నసేటూ, మొగిలయ్యను. మీ మామ ఉన్నడా?"

"లేడు. నేనున్న! ఏం కావాలె, చెప్పు!"

"ఏం లేదు సేటూ. మీరున్నరో లేరో అరుసుకుందామని చేసిన. రేపొస్త."

కాబట్టి పాఠక మహాశయులారా, వంటింటి సామాను చూసి మిల్లు సామాను తేల్చనని, పప్పు వండే తల్లిని బాయిలర్ కేసులో సాక్షిగా పిలవనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. కుడిచెయ్యి ఎత్తే చేస్తున్నాను. ఎడమచేతిలో రిసీవరు ఉంది.