నర్సింగన్న పెట్టెకి కప్పని కవర్

నిన్న పొద్దున నర్సింగన్న ఇంటి నుంచి వదిన ఫోన్. "తమ్మీ, మీ అన్న పోయిండు."

"మొన్నే కదా వదినా మాట్లాడాను" అన్నాను. అంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు.

నర్సింగన్న మీలో చాలామందికి తెలియడు. తెలియకూడదనే కదా డూప్‌ని పెట్టుకునేది! షేక్‌పేట మనిషి, ఫైటర్. తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో హీరోగారి బదులు రెండో అంతస్తు నుంచి దూకాడు. కింద అట్టపెట్టెలు సరిగ్గా పేర్చలేదు. నడుం విరిగింది, కాళ్ళు చచ్చుబడ్డాయి.

కాళ్ళకి ఏడవలేదు ఆయన. మూత్రం తనంతట తాను పోసుకోలేకపోయినందుకు ఏడ్చాడు. గొట్టం, సంచి. సంచి మార్చడానికి వదిన.

తర్వాతెప్పుడో ఒక ఫారిన్ డాక్టర్ మన ఊరొచ్చి ఆపరేషన్ చేశాడు. పక్కటెముకల దగ్గర చర్మం లోపల చిన్న రిసీవర్. దాన్నుంచి మూత్రాశయం నరాలకి వైరు. లోపల బ్యాటరీ లేదు. బయట ఒక పెట్టె, దానికో కాయిల్. కాయిల్‌ని చర్మానికి ఆనించి స్విచ్ నొక్కితే చాలు, చర్మం దాటి పవర్ లోపలికి వెళ్తుంది. మూత్రం వస్తుంది.

జూబ్లీహిల్స్‌లో మా ప్రొడక్షన్ ఆఫీసు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి అన్న వీల్‌చెయిర్‌తో బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి ఒకటే అరుపు.

"అరే భాయ్, నేనే పోసిన రా! ఎవ్వని సాయం లేకుండ పోసిన!"

ఆఫీసంతా చప్పట్లు. శతదినోత్సవాల్లో కూడా అంత గట్టిగా కొట్టలేదు మేము.

ఆ ఏడు దసరా.

ఆయుధపూజకి మా యూనిట్‌లో అన్నం పెట్టే ప్రతి వస్తువునీ వరసలో పెడతారు. కెమెరా, లైట్లు, జనరేటర్. నేను కెమెరా అసిస్టెంట్‌ని. "అన్నా, నీ పెట్టె కూడా పెడదాం" అన్నది నేనే. ఆయన ఒళ్ళోంచి తీసింది నేనే. బొట్టు పెట్టింది నేనే. భక్తి ఎక్కువై చెంబెడు పసుపునీళ్ళు చల్లిందీ నేనే.

కెమెరాకి ముందే ప్లాస్టిక్ కవర్ కప్పాను. ఏటా కప్పుతాం, అలవాటు.

అన్న పెట్టెకి కప్పలేదు.

సాయంత్రానికి పెట్టె చచ్చిపోయింది.

రికార్డింగ్ థియేటర్ మెకానిక్ విప్పి చూసి చేతులెత్తేశాడు. చేసినవాళ్ళకే పంపాలన్నాడు. హీరోగారు పాటల కోసం ఫారిన్ వెళ్తున్నారంటే ఆయన మేనేజర్ చేతిలో పెట్టె పెట్టాను. "నాదీ పూచీ" అన్నాడు. తిరిగొచ్చాక అడిగితే, "ఏ పెట్టె అండీ?" అన్నాడు.

కొత్తదాని కోసం ఉత్తరం రాశాను. ఆ మోడల్ ఆపేశాం అని జవాబు.

మళ్ళీ గొట్టం. మళ్ళీ సంచి. ఇన్‌ఫెక్షన్లు, చివరికి కిడ్నీలు.

ఒకసారి ఆయన ముందు ఏడ్చాను. "నువ్వు దేవుని మీద చల్లినవ్ రా, నా మీద కాదు. ఫికర్ జెయ్యకు" అన్నాడు. చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.

నిన్నటి నుంచి మన గ్రూపుల్లో "పరిశ్రమకి తీరని లోటు" అని ఒకటే పోస్టులు. సిగ్గుండాలి. ఏరు దాటాక తెప్ప తగలేసే జాతి మనది. బతికుండగా ఒక్కడూ షేక్‌పేట సందు తొక్కలేదు. ఈ రెండేళ్ళు నేనూ ఫోన్‌తోనే సరిపెట్టాను.

నిన్న సాయంత్రం శ్మశానంలో కట్టెలు పేర్చే మనిషి అడిగాడు. "సార్, ఒంట్ల మిషిన్ గిట్ల ఏమన్న ఉన్నదా? బ్యాటరీ ఉంటె పేలుతది. ముందే తీయాలె."

"ఉంది. బ్యాటరీ లేదు" అన్నాను.

"ఖరాబైందా?"

కాలేదు. ముప్పై ఏళ్ళ నాడు పెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. బయట నుంచి అందాల్సిందే అందలేదు.

తల అడ్డంగా ఊపి పక్కకి జరిగాను. నిప్పు పెట్టారు.

వెళ్ళిరా అన్నా. అక్కడ గొట్టాలుండవు, ఎవరి సాయమూ అక్కర్లేదు. హాయిగా పడుకో.

నన్ను మాత్రం క్షమించకు.