పెదనాయన విప్పని బండి

ఆరోజు పొద్దున పాలు పోయించుకుంటుంటే పక్కింటామె గోడ మీదుగా పిలిచింది. "పాపా, మీ పెదనాయన ఎంత పిలిచినా పలకడంలే. ఒకసారి పోయి చూడు." నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. మంచం మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. అద్దాలు చేతిలోనే ఉన్నాయి. మార్కాపురంలో మా వీధివాళ్లంతా, "పుణ్యాత్ముడు, ఏ బాధా లేకుండా పోయినాడు" అంటున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆయన పడ్డ బాధ నాకు తెలుసు.

పెదనాయన అంటే మా నాయనకు అన్న, మా వీధిలోనే వేరే ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. పలకల ఫ్యాక్టరీలో మోటార్లు చూసి రిటైరైన మనిషి. నాకు ఊహ తెలియకముందే నాయన పోతే, నన్ను బడిలో చేర్చిందీ, సైకిలు నేర్పిందీ, పెళ్లి వద్దని నేను మొండికేసినప్పుడు చుట్టాల నోళ్లు మూయించిందీ ఆయనే. నవ్వడం ఒక్కటే నేర్పలేదు. అది ఆయనకే సరిగ్గా రాదు.

ఏది బాగుచేయడానికి కూర్చున్నా రెండు పళ్లాలు ముందు పెట్టుకునేవాడు. ఎడమవైపు సామాను ఒకదాంట్లో, కుడివైపుది ఇంకోదాంట్లో. ఒక్క మోటారే ఉన్న మిక్సీకి కూడా రెండు పళ్లాలే. "ఒకదానికి ఎడమేంది, కుడేంది పెదనాయనా?" అని నేను ఎగతాళి చేస్తే, "కలపగూడదు పాపా, కలిస్తే మళ్ల తెలీదు" అనేవాడు. చాదస్తం అనుకునేదాన్ని.

ఆయన రేకుల కొట్టంలో పట్టా కింద మా నాయన బండి ఉండేది. రెండు సిలిండర్ల పాత మోటారు సైకిలు. నాయన గిద్దలూరు నుంచి వస్తూ కంభం దాటాక తూము గోడకు గుద్దుకుంది ఆ బండి మీదే. ముందు చక్రం వంగింది, బండికి అంతే. మనిషిని తీసుకున్న బండి ఇంట్లో ఉండకూడదని ఎందరు చెప్పినా పెదనాయన అమ్మలేదు. దసరా ఆయుధపూజకు స్పానర్లకూ చేతిపంపుకూ కూడా కుంకుమ పెట్టేవాడు కానీ, ఆ బండికి మాత్రం బొట్టు పెట్టేవాడు కాదు. ఏడాదికోసారి ప్లగ్గులు తీసి, ఇంజన్‌లో నాలుగు చుక్కల నూనె వేసి, మెల్లగా తిప్పి పెట్టేవాడు. ఒక్కో సిలిండర్‌కు పెట్రోలూ గాలీ కలిపి పంపే రెండు కార్బొరేటర్లను మాత్రం ముట్టుకునేవాడు కాదు.

ఇంకొకటి కూడా ఉంది. రోజూ మా గడప దాకా వచ్చేవాడు, కూరగాయలు ఇచ్చేవాడు, లోపలికి వచ్చి ఒక్క ముద్ద తినేవాడు కాదు. అమ్మ పిలిచి పిలిచి మానుకుంది.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం నన్ను పిలిచాడు. పట్టా తీసి ఉంది. "నా చేతులు వణుకుతుండాయి. నీ వేళ్లు సన్నం. ఆ కార్బొరేటర్లు విప్పాల" అన్నాడు. నేను సంబరపడి స్క్రూడ్రైవర్ అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పేముందు నీకొకటి చెప్పాల. మీ నాయన పోయే ముందురోజు ఇవి సాఫ్ చేసింది నేనే. వాడు తెల్లారి గిద్దలూరు పోవాలని తొందర పెట్టినాడు. రెండిటి సామానూ ఒకే పళ్లెంలో పోసినా."

కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ తీగకు వేలాడే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది, స్లైడ్ అంటారు. మనం తిప్పితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. దాని కింద ఒకవైపు ఏటవాలు కోత ఉంటుంది, అది గాలి వచ్చే వైపు ఉండాలి. ఎడమదీ కుడిదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మారిపోతే ఆ కోత ఇంజన్ వైపు తిరుగుతుంది, చెయ్యి వదిలినా బండి వేగం వదలదు.

"మార్చి బిగించినానేమోనని..." అన్నాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చూడలేదు మరి?"

"విప్పితే తెలిసిపోతాది గదా."

వద్దులే పెదనాయనా, పట్టా కప్పేద్దాం అందామనుకున్నాను. ఆయన ముఖం చూశాక అనలేకపోయాను.

వెంటనే చూద్దామంటే కుదరలేదు. గాలి పోయే మూతిలో కందిరీగలు మట్టి గూళ్లు కట్టాయి. లోపల పెట్రోలు ఎండి ముదురు పాకంలా పట్టుకుంది. కార్బొరేటర్లు ఊడదీసి చింతపండు నీళ్లలో కాచి, కిరోసిన్‌లో నానేశాం. రెండు గిన్నెల్లో, వేరువేరుగా. ఆ వారమంతా ఆయన సరిగా తినలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నేను బ్రష్షుతో రుద్దుతుంటే, ఎదురుగా కూర్చుని కరెంటు వైరులోని సన్న రాగి తీగ తీసి ఇచ్చి, పెట్రోలు వచ్చే జెట్లలోని సూది బెజ్జాలు నా చేత పొడిపించేవాడు. ఇనప తీగ పెట్టనివ్వడు, బెజ్జం పెద్దదవుతుందని.

స్లైడ్లు లోపల బిగిసిపోయి ఇంకా కదలకముందే మూతులు శుభ్రపడ్డాయి. టార్చి వేసి చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. కోతలు రెండూ గాలి వైపే ఉన్నాయి.

"సరిగ్గానే బిగించావు పెదనాయనా! మారలేదు!" అని అరిచాను.

అద్దాలు పెట్టుకుని తానూ చూశాడు. కావలించుకుంటాడనుకున్నాను, కనీసం ఏడుస్తాడనుకున్నాను. కార్బొరేటర్‌ను మెల్లగా పళ్లెంలో పెట్టి నా వైపు తిరిగాడు.

"అయితే ఎందుకు పోయినాడే వాడు?"

నేను టార్చి ఆర్పేశాను.

"ఇన్నాళ్లూ నేనే చేసినాననుకుంటుంటి. అదొక ఆధారం. ఇప్పుడేమని చెప్పుకోవాల?"

ఆ మాట నన్ను ఇప్పటికీ పీడిస్తోంది. తప్పు లేదని తేలితే మనిషి తేలికపడతాడని ఎవరు చెప్పారో గానీ, పెదనాయన విషయంలో అది జరగలేదు. ఆ తర్వాత ఆయన మరీ ముడుచుకుపోయాడు. విప్పకుండా ఉంటే బాగుండేదా అని రోజూ అనుకుంటాను. ఒకరోజు అవునంటాను, ఇంకోరోజు కాదంటాను.

అమ్మకు చెప్పాను. ఆమె అన్నం గిన్నె పట్టుకుని తానే కొట్టంలోకి నడిచింది. "బావా, మొగుణ్ణి పోగొట్టుకున్న నష్టజాతకురాలినని నా చేతి అన్నం ముట్టవనుకుంటిని ఇన్నేళ్లూ."

పెదనాయన లేచి నిలబడ్డాడు. "అయ్యో, ఎంత మాట. నీకు మొహం చూపించలేక అమ్మా."

ఆరోజు తిన్నాడు. మజ్జిగ కూడా పోయించుకున్నాడు. ఆ ఒక్కదానికైనా విప్పడం మంచిదే అనుకున్న రోజు అది. కానీ కార్బొరేటర్లు తిరిగి బిగించమంటే మాత్రం, "చూద్దాంలే" అనేవాడు. ఆ చూద్దాంలే అలాగే ఉండగా పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలు మళ్లీ బండి తుక్కుకు వేయమని మొదలుపెట్టారు. నేను విననట్టే కొట్టంలోకి పోయి కార్బొరేటర్లు బిగించాను. సీసాడు పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి, కిక్కు కొట్టాను. కాలు నొప్పి పుట్టేదాకా కొట్టాను. ఉన్నట్టుండి అందుకుంది. కొట్టమంతా నీలం పొగ.

అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె ముఖం చూసి భయపడి తాళం చెవి మీద చెయ్యి వేశాను.

"ఆపొద్దు" అంది. "ఉండనీ కొంచెం సేపు."

పొగలో ఇద్దరం నిలబడ్డాం. ఎవరమూ ఆపలేదు. పెట్రోలు అయిపోవచ్చి ముందు ఎడమ సిలిండర్ ఆగిపోయింది. కుడిది ఒక్కటే, తడబడుతూ, ఇంకాసేపు ఆడింది.