వరండాలోకి వెళ్లిన కమిటీ

మా సంఘానికి నేను పదకొండేళ్లుగా సెక్రటరీని. ప్రతిసారీ ఏకగ్రీవంగానే ఎన్నికయ్యాను. పోటీకి ఎవరూ రాకపోవడాన్ని కూడా మా వైపు ఏకగ్రీవమనే అంటారు. గోదావరి కోతకు ఇళ్లు పోగొట్టుకున్న లంక గ్రామాల కుటుంబాల కోసం కొత్తపేట దగ్గర కట్టిన చిన్న కాలనీ మాది. ఇళ్లు సంఘానివి. కుటుంబాలు నామమాత్రపు అద్దె కట్టి ఉంటాయి. ఖాళీ అయిన ఇల్లు ఎవరికివ్వాలో, ఎవరి శ్లాబు కారుతుంటే ముందు బాగు చేయించాలో ఏడుగురు సభ్యుల కమిటీ తేలుస్తుంది. ఆ ఏడుగురిలో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఆపైన లా కాలేజీలో మొదటి సంవత్సరం కూడా పూర్తి చేశాను. రెండో సంవత్సరాన్ని ఇబ్బంది పెట్టలేదు.

అందుచేత చట్టం అన్న మాట వినపడగానే ఆరు తలకాయలూ నా వైపు తిరిగేవి. నాకది ఫ్యాను గాలిలా అలవాటైపోయింది. కరెంటు పోయేదాకా ఫ్యాను ఉందని ఎవరికి గుర్తుంటుంది?

మీటింగులు పెట్టేవాళ్లం కాదని కాదు. మీటింగే ఇంటింటికీ వెళ్లేది. నేను తీర్మానం ముందే రాసి, మినిట్స్ పుస్తకం స్కూటరు డిక్కీలో పెట్టుకుని బయల్దేరేవాణ్ని. ఒక్కో ఇంట్లో ఒక కాఫీ, ఒక సంతకం. ఆరు కాఫీలకి అందరూ హాజరైనట్టు. చర్చలో భేదాభిప్రాయం వచ్చిందంటే అది పంచదార దగ్గరే.

రెండేళ్ల కిందట జాయింట్ సెక్రటరీగా ఒకావిడ వచ్చింది. కాలనీలోనే ఉంటుంది. పదో తరగతి చదివి, కువైట్‌లో కొన్నాళ్లు ఇళ్లలో పనిచేసి తిరిగొచ్చి, కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. నన్ను ‘అన్నయ్యగారండీ’ అంటుంది. మొదట్లో ఆవిడ మీద నాకు ఎలాంటి అభిప్రాయమూ లేదు. ఇద్దరం సుఖంగా ఉన్న రోజులవి.

కిందటేడు, ఇలా పేదలకు ఇళ్లు నడిపే సంఘాలన్నిటికీ చట్టం గురించీ పాలన గురించీ రెండు రోజుల శిక్షణ అని ఉత్తరం వచ్చింది. అమలాపురంలో ఒక కల్యాణమండపం పైఅంతస్తులో, భోజనాల హాల్లో. సంఘానికి ఇద్దరు రావాలి. ఆ ఇద్దరిలో ఒకణ్ని నేను. రెండోవారి సంగతి నేను ఆలోచించలేదు, ప్రెసిడెంటుగారు ఆలోచించారు.

“ఆ అమ్మాయిని తీసుకెళ్లండి సెక్రటరీగారూ. మీరు మాట్లాడతా ఉంటే రాసుకుంటాది.”

ఆ ఏర్పాటు నాకు నచ్చింది. నేను మాట్లాడటం, ఆవిడ రాసుకోవడం.

పాఠం చెప్పడానికి రాజమండ్రి నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఏళ్ల తరబడి ఇళ్ల కేసులు వాదించిన లాయరుగారు. గొంతు పెంచకుండా మాట్లాడతారు. మొదటి ప్రశ్న ఆవిడే వేశారు. సంఘం ఇంట్లో ఉన్నవాళ్లు తాళం వేసి నెలల తరబడి కనిపించడం లేదు, కమిటీ ఆ తాళం తీయించి ఇల్లు ఇంకొకరికి ఇవ్వొచ్చా?

నేను లేచి నిలబడ్డాను. ముందు నోటీసు ఇవ్వాలి, గడువు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి, ఆ తర్వాతే తీర్మానం అని వరసగా చెప్పాను. మధ్యలో రెండు ఇంగ్లీషు మాటలు కూడా దొర్లించాను.

“కరెక్టండి,” అన్నారు మేడమ్.

నేను కూర్చున్నాను. అప్పుడు మా జాయింట్ సెక్రటరీ సగం చెయ్యెత్తింది.

“నోటీసు తలుపుకి అంటించేస్తే సరిపోద్దాండి? ఆళ్లు ఊళ్లో లేరు కదండి, చదివేదెవరండి? నేను కువైట్‌లో ఉండగా ఓ రోజు పనిలోంచి వచ్చేసరికి నా గది ఇంకొకరికి ఇచ్చేసేరండి. నా సామాను మెట్ల కింద పడేసేరు. కాగితం ముందే అంటించేరంటండి, అరబ్బీలో. కాగితం ఉందండి. నాకే తెలీలేదు.”

మేడమ్ పెన్ను తీసి, ఆ ఆఖరి రెండు ముక్కలూ తన నోట్సులో రాసుకున్నారు.

నాకు ‘కరెక్టండి’ దక్కింది. ఆవిడ మాట నోట్సులోకి ఎక్కింది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని నేను మధ్యాహ్నం దాకా కొలుస్తూనే ఉన్నాను. భోజనంలో పనసపొట్టు కూర వడ్డించారు. బాగుందనే అందరూ అన్నారు. ఉప్పలగుప్తం వైపు సంఘం ఆయన ఒకరు విస్తరి ముందు నుంచి నా మీదికి వంగి, “ఆవిడ మీ సంఘమేనాండి? అదృష్టవంతులండి,” అన్నారు.

“ఆయ్, మా సంఘమేనండి,” అన్నాను. ఆ ‘మా’ గొంతులోంచి రావడానికి కొంచెం టైము తీసుకుంది.

ఇంటికొచ్చి గుండెల్లో మంటగా ఉందంటే మా ఆవిడ జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. ఆ మంటకి అవి పనిచేయలేదు. తప్పు జీలకర్రది కాదు.

రెండో రోజు పాఠం అసలైనది. కమిటీలో ఎవరి చుట్టానికైనా, ఎవరి లాభానికైనా సంబంధించిన విషయం వస్తే, ఆ మనిషి ఆ సంగతి ముందే చెప్పాలి, చెప్పి గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి, మిగిలినవాళ్లు తేల్చాకే లోపలికి రావాలి. హాలంతా ఇబ్బందిగా కదిలింది. రాజోలు వైపు పెద్దాయన ఒకరు లేచి, “మనిషిని బయటికి పొమ్మంటామాండి? మేం కుక్కని కూడా పొమ్మనమండి, ఎల్లిరా అంటాం,” అన్నారు. మేడమ్ కూడా నవ్వేశారు గానీ రూలు మాత్రం మార్చలేదు.

చివర్లో ఆవిడ ఒక మాట చెప్పారు. జరగబోయే మా మీటింగుకి తను వచ్చి ఓ మూల కూర్చుంటారట. ఆ రోజే కమిటీ సభ్యుల్లోంచి ఒకరిని తీర్మానం చేసి ఇవ్వాలి. ఆ ఒక్కరూ చుట్టుపక్కల సంఘాలకు వెళ్లి ఈ పాఠాలు చెప్పాలి.

నాకది కావాలనిపించింది. సఖినేటిపల్లి నుంచి ఉప్పలగుప్తం దాకా ఊరూరా తెల్లబోర్డు, బోర్డు ముందు నేను, చేతిలో మార్కరు. అరవై దాటినవాడు కోరుకునే వాటిలో ఇది చవకైనదే. అంతకన్నా చవకైన నిజం ఇంకోటుంది. అది నాకు రావాలన్నదానికంటే మా జాయింట్ సెక్రటరీకి వెళ్లకూడదన్నది నాలో కొంచెం గట్టిగా ఉంది.

ఆ మీటింగుకి రెండే అంశాలు. మొదటిది, ఖాళీ అయిన నాలుగో నంబరు ఇల్లు. దానికి మూడు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి, కిందటి వరదలో ఇల్లు జారిపోయి గట్టు మీద టార్పాలిన్ కింద ఉంటున్న పడవ నడిపే అతనిది. రెండోది ఒక కొత్త జంటది. మూడోది మా ఆవిడ పిన్నిగారి అబ్బాయిది. అతను అద్దెకుంటున్న వాటాకీ గోదావరికీ మధ్య రెండు కాలవలూ ఒక సినిమా హాలూ ఉన్నాయి.

“నేనేమీ సిఫార్సు చెయ్యట్లేదు,” అంది మా ఆవిడ. “రూలు ప్రకారమే ఇవ్వండి. రూలు రాసేది మీరే కదా.”

శిక్షణలో చెప్పినట్టే నోటీసుతోపాటు ఒక కాగితం కూడా తయారుచేశాను. ‘అజెండాలోని విషయాల్లో మీకు చుట్టరికం గానీ స్వలాభం గానీ ఉన్నదా?’ నేనే టైపు చేశాను, నేనే ప్రింటు తీయించాను, నేనే నా కాగితంలో ‘లేదు’ అని రాశాను. ‘ఉన్నది’ అని రాస్తే బయటికి వెళ్లాలి. నేను వెళ్తే మీటింగు నడిపేది జాయింట్ సెక్రటరీ, అదీ మేడమ్ ఎదురుగా. పైగా మా ప్రాంతంలో వరస కలవని మనిషెవడు, అందరూ బాబాయిలూ బావలే కదా అని నాకు నేను వాదించుకున్నాను. లా మొదటి సంవత్సరంలో నేర్చుకున్నదంతా ఆ పూట ఖర్చయింది.

మీటింగు రోజున ఏడుగురం మొట్టమొదటిసారి ఒకే గదిలో కూర్చున్నాం. కాలనీ కమ్యూనిటీ హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. మేడమ్ మూల కూర్చున్నారు. నేను మొదలుపెట్టాను. బాగానే నడిపానని నా అభిప్రాయం. మొదటి అంశం చదవగానే జాయింట్ సెక్రటరీ లేచింది.

“అన్నయ్యగారండీ, ఆ రెండో అప్లికేషను మా తోటికోడలి కూతురిదండి. కాగితంలో రాసేను. నేను బయట ఉంటానండి.”

వరండాలోకి వెళ్లి స్తంభం పక్కన నిలబడింది. నేను గొంతు సవరించుకున్నాను. ప్రెసిడెంటుగారు కిటికీలోంచి చూశారు.

“పాపం, ఒక్కర్తే నిలబడ్డాదండి.”

“అటు ఎండ కూడా పడతందండి,” అన్నారు ఇంకొకరు.

“ఇప్పుడే వచ్చేస్తానండి,” అని ఒకాయన కుర్చీ పట్టుకుని వెళ్లారు. ఒకావిడ మంచినీళ్లు పట్టుకెళ్లింది. ‘మరేనండి, ఏం బాగుంటుంది’ అనుకుంటూ ప్రెసిడెంటుగారు కూడా లేచారు. రెండు నిమిషాల్లో అయిదుగురూ వరండాలో ఉన్నారు. లోపల నేనూ మేడమూ మిగిలాం. బయట అదే దరఖాస్తు గురించి ఆవిడనే అడుగుతున్నారు. ఆవిడ, “నన్నడక్కండి బాబూ, నన్నడక్కూడదనే కదండి ఇక్కడికొచ్చేను,” అంటోంది. అందరూ నవ్వుతున్నారు.

“కోరం బయట ఉన్నట్టుందండి,” అన్నారు మేడమ్.

“ఆయ్, మేడమ్.”

ఇన్నేళ్లలో నా వెనకాల ఎవరూ కుర్చీ మోసుకుని రాలేదు. నేను ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకున్నాను. ఆవిడ ఊరికే బయట నిలబడింది, కమిటీ మొత్తం కదిలి వెళ్లింది. ఈ లెక్క చేసుకుంటూ ఉండగా మేడమ్ దరఖాస్తులు తిరగేస్తూ, మామూలుగా, “వీళ్లలో మీకెవరూ కారు కదండీ?” అన్నారు.

కారు అంటే సరిపోయేది. కాగితం కూడా నా వైపే ఉంది. కానీ బయట నవ్వులు వినపడుతూ ఉంటే, ఆవిడ చేసిన పని నేను చెయ్యలేకపోయానన్నది ఇల్లు దక్కదేమో అన్నదానికన్నా ఎక్కువ మండింది.

“మూడోది మా ఆవిడ పిన్నిగారి అబ్బాయిదండి.”

“మరి లేదని రాశారు?”

“ఆయ్. రాశానండి.”

మేడమ్ పెన్ను తీయలేదు. ఇదైనా రాసుకుంటారేమో అనుకున్నాను.

నేను కూడా వరండాలోకి వెళ్లాను. “రండి రండి సెక్రటరీగారూ, మీరొక్కరూ లోపలుండిపోయేరేంటా అనుకుంటన్నాం,” అని జరిగి చోటిచ్చారు. జాయింట్ సెక్రటరీ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“మీరంతా ఇక్కడుంటే తేల్చేదెవరండి? నాకు తోడొద్దండి. ఎల్లండి, లోపలికెల్లండి. కుర్చీ మటుకు ఉంచండి.”

అయిదుగురూ వెళ్లారు. “మీరూ ఎల్లండన్నయ్యగారూ.”

“నేను కూడా బయటివాణ్నేనమ్మా. మూడోది...”

“తెలుసండి.”

“ఎలా తెలుసు?”

“కాలనీ అంతటికీ తెలుసండి. మీ బావమరిదిగారే గోడలకి ఏ రంగు ఎయ్యాలో చూసుకెళ్లేరు.”

“మరి లోపల చెప్పలేదేం?”

“మీరు చెప్పుకోవాల్సిందండి అది. నేను చెప్తే ఫిర్యాదైపోద్ది.”

ఆవిడ కుర్చీ నా వైపు తోసింది. నేను కూర్చోలేదు. ఇద్దరం దాని పక్కన నిలబడ్డాం.

ఇల్లు పడవతనికి వచ్చింది. నేను బయట ఉన్నా, లోపల ఉన్నా, వరదకి పోయిన ఇంటికే ఇల్లని రూలు. ఎలాగూ దక్కని దానికోసం అబద్ధం రాశానన్నమాట.

మా ఇద్దర్నీ లోపలికి పిలిచాక రెండో అంశం. పాఠాలు చెప్పడానికి ఎవరిని పంపాలి? ప్రెసిడెంటుగారు క్షణం ఆలోచించలేదు. “ఇంకెవరండీ, సెక్రటరీగారే. చదువుకున్నోరు.” అందరూ ఆయ్ అన్నారు. జాయింట్ సెక్రటరీ కూడా, “అన్నయ్యగారేనండి,” అంది. మేడమ్ నా వైపు చూశారు.

నేను కోరుకున్నది నా చేతిలో పెట్టారు. మొహమాటంతో పెట్టారని నాకు తెలుసు. మొహమాటంతో పెట్టినవి తీసుకునే అలవాటు నాకు పదకొండేళ్లుగా ఉంది.

“ఇందులో నాకు స్వలాభం ఉందండి,” అన్నాను. “బాగానే ఉంది.” లేచి వరండాలోకి వెళ్లిపోయాను.

ఎదురుగా ట్రాక్టరులోంచి పీచు కోసం తెచ్చిన కొబ్బరిడొక్క దించుతున్నారు. మొత్తం దించేదాకా చూశాను. నా వెనక ఎవరైనా కుర్చీ తెస్తారేమోనని ఒకటి రెండుసార్లు గుమ్మం వైపు తిరిగాను. ఎవరూ రాలేదు. శిక్షణ ఫలించింది.

పిలిచాక లోపలికి వెళ్తే, ప్రెసిడెంటుగారు నన్ను కాకుండా ఫ్యానుని చూస్తూ, “ఏమీ అనుకోకండి సెక్రటరీగారూ,” అన్నారు. ఎంతమాటండీ అన్నాను. నేను ఎదురుగా లేకపోయేసరికి అందరికీ ధైర్యం వచ్చి ఆవిడ పేరు చెప్పారట. పేరు రాగానే ఆవిడ వెనక తలుపు గుండా బయటికెళ్లిందట. ఆవిడకి మాత్రం కుర్చీ వేశారట.

మినిట్స్ పుస్తకం నా ముందుకి జరిపారు. రాయాల్సింది సెక్రటరీయే కదా. నేను ఆలస్యంగా చెప్పిన చుట్టరికం ఒక వాక్యం, ఆవిడ ఎంపిక ఒక వాక్యం. నా వాక్యం చిన్నదిగా వచ్చింది.

అందరూ వెళ్లాక జాయింట్ సెక్రటరీ ఆగింది.

“అన్నయ్యగారండీ, మొదటి క్లాసు సఖినేటిపల్లిలో అంటండి. ఈ బయటికెళ్లే రూలు ఎలా చెప్పాలో తెలీట్లేదండి. మీ సంగతి చెప్పుకోవచ్చాండి? ముందు లేదని రాసి, తర్వాత నిజం చెప్పి లేచెళ్లేరు కదండి, అది అందరికీ అర్థమవుద్ది. మీ పేరు చెప్పనులెండి.”

నేను పుస్తకం మూశాను.

“పేరు చెప్పినా నాకేం అభ్యంతరం లేదమ్మా,” అన్నాను.

“ఎందుకులెండి, బాగోదు,” అంది.

మొన్నటికి నాలుగు సంఘాలయ్యాయి. నాలుగుచోట్లా బాగా నవ్వుతున్నారట. ఎవరాయన అని ఇంతవరకూ ఒక్కరు కూడా అడగలేదట.