ఊరికే వచ్చిన సగటు

ఆ రోజుల్లో నా కోపానికి మనుషులే అక్కర్లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌కు అన్యాయం జరిగినా ఊరుకునేదాన్ని కాదు. (నవ్వకండి, అప్పుడు నాకది జీవన్మరణ సమస్య.) డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ఒక చిన్న ల్యాబులో కొత్తగా చేరాను. అక్కడి కంప్యూటర్లో పాత స్ప్రెడ్‌షీట్ గడువు తీరి మొరాయిస్తే, ఓపెన్ సోర్స్‌ది ఒకటి నేనే ఎక్కించాను. డబ్బు కట్టనక్కర్లేదు, లోపలి కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. ఆ డబ్బు కట్టకపోవడమే మా మేనేజరుకు గిట్టలేదు. రశీదు ఇవ్వని కొట్లో కొబ్బరిబోండాం కూడా తాగని మనిషాయన. చాటుగా రశీదు సారు అనుకునేవాళ్ళం.

"ఊరికే ఇచ్చేవాడు లెక్క సరిగ్గా ఎందుకు చేస్తాడమ్మా?" అన్నాడు మొదటిరోజే.

"దేవుడు గాలి ఊరికే ఇచ్చాడు గదా సార్, అది పనిచేయడంలా?" అన్నాను. (మా నాన్న సంఘపెద్ద. ఆదివారం చర్చిలో విన్నది సోమవారం ఆఫీసులో వాడేసేదాన్ని.)

"యాడ ఊరికే? చెరువులో గాలికి ఏరేటర్లు పెట్టి కరెంటు బిల్లు కడతా ఉండారు గదా!"

జవాబు లేని కోపం మహా చెడ్డది. దాన్నంతా పట్టుకెళ్ళి పరీక్షల మీద పెట్టాను. కూడిక, సగటు, దశాంశాల సవరణ, ఒక్కో ఫంక్షన్‌కూ చేత్తో లెక్క వేసి పక్కన పెట్టి సరిచూశాను. అంకెలు సగటుకు ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే ఫంక్షన్ ఒకటుంది. అంకెలు మరీ పెద్దవైతే కొన్ని ప్రోగ్రాములు అక్కడ తడబడతాయని కాలేజీలో మా మేడం చెప్పేది. పది కోట్ల ఒకటి, పది కోట్ల రెండు, పది కోట్ల మూడు ఇచ్చి ఊపిరి బిగపట్టాను. జవాబు ఒకటి రావాలి. ఒకటే వచ్చింది! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. నీళ్ళ సీసాలు కడుగుతున్న ల్యాబు అక్క తిరిగి చూసి, "ఏంది మే, పెళ్ళి గానీ కుదిరిందా?" అంది. విషయం చెబితే, "ఒకటి రావాల్సినచోట ఒకటి వస్తే ఇంత గోలెందుకు?" అని మళ్ళీ సీసాల మీద పడింది. ఈ లోకంలో సత్యానికి విలువ లేదని ఆ మధ్యాహ్నం నిశ్చయించుకున్నాను.

అంతా కాగితం మీద రాసి రశీదు సారు ముందు పెట్టి, "ఇది తప్పు చెప్పదు సార్" అని ప్రకటించాను. ఆయన చదవలేదు గానీ, ఆ ఒక్క వాక్యం మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు నేను సెలవు నుంచి వచ్చేసరికి ఆఫీసంతా హడావుడి. మైపాడు వైపు ఒకన్న చెరువులో ఆక్సిజన్ సగటు ఘోరంగా పడిపోయిందట. వెంటనే రొయ్యలు పట్టేయమని సారు ఫోన్ చేసేశాడట. పంట ఇంకా పిందె మీదే ఉంది. అప్పుడు పడితే ఆ అన్న మునిగినట్టే. షీటు తెరిచి చూస్తే నా ఒళ్ళు మండిపోయింది. ఆక్సిజన్ కొలిచే మీటరు రిపేరుకు పోయిన రోజులన్నిటికీ సున్నాలు!

"గడులు ఖాళీగా ఉంటే అసయ్యంగా ఉండాదని నేనే పెట్టినా" అన్నాడాయన.

"సార్, ఖాళీ గడిని సగటు లెక్కలోకి తీసుకోదు, సున్నాను తీసుకుంటుంది! ఈ సగటు తప్పు!"

"అదేందమ్మా? ఇది తప్పు చెప్పదని నువ్వే గదా అన్నావు?"

ఆ అన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బాగై వచ్చిన మీటరు పట్టుకుని, అక్క స్కూటీ వెనక ఎక్కాను. మేం వెళ్ళేసరికి వలవాళ్ళు అప్పటికే పంచెలు ఎగగట్టి నీళ్ళలోకి దిగుతున్నారు. చెరువు కట్ట మీద నిలబడి, "ఆపండి! సగటు తప్పు!" అని గొంతు చించుకున్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, కానీ ఆగారు. అక్క మీటరు నీళ్ళలో ముంచింది. ఆక్సిజన్ నిక్షేపంగా ఉంది.

చెరువన్న తల గోక్కున్నాడు. "నేననుకుంటానే ఉండా. నిజంగా గాలి లేకపోతే ఈపాటికి రొయ్యలన్నీ తేలాడేవి గదా."

"మరి వలవాళ్ళను ఎందుకు పిలిచావన్నా?" అని మండిపడ్డాను.

"కంప్యూటర్లో వచ్చిందన్నాడు గదమ్మా, సారు!"

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. అందుకని అందరి మీదా అరిచాను. వలవాళ్ళ మీద కూడా. (పాపం, వాళ్ళేం చేశారు?) పంట దక్కింది. ఆ తర్వాత రశీదు సారు, "ఊరికే వచ్చినదాన్ని నమ్మితే ఇట్టానే ఉంటాది" అని డబ్బు పోసి వేరే స్ప్రెడ్‌షీట్ కొన్నాడు. పంతంకొద్దీ అవే అంకెలు, అవే సున్నాలు అందులో కొట్టి చూపించాను. అణువంత తేడా లేకుండా అదే సగటు వచ్చింది. ఆయన తృప్తిగా తల ఊపి, "దీనికి బిల్లుండాది" అన్నాడు.

ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో పదిమందికి మేడంని. తప్పు కనిపిస్తే నొప్పించకుండా, 'దయచేసి ఒకసారి పరిశీలించగలరు' అని మెయిల్ పెడతాను. అందరూ నెమ్మదస్తురాలంటారు. అప్పుడప్పుడు బురద చెప్పులతో చెరువు కట్టెక్కి సగటు కోసం అరిచిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు నేను కూడా మెయిలే పెట్టి ఉంటే, ఎవరైనా తెరిచి చూసేలోగా వల ఒడ్డుకు వచ్చేసి ఉండేది.