తామ్వేలో మేం కొన్న ఇల్లు

రంగూన్‌లో దిగిన రోజున మా ఆయన "ఇదే మన ఇల్లు" అని చూపించింది ఒక చాప. ఒట్టి చాప! హార్బరు దగ్గర కూలీల మేస్త్రీ అద్దెకిచ్చే మేడలో ఒక గది. మధ్యన గోనెపట్టా కట్టి, ఇటు మేమిద్దరం, అటు మా మరిదితో కలిపి మగాళ్ళు ఏడుగురు. పగటి పనివాళ్ళు లేచి వెళ్ళగానే రాత్రి పనివాళ్ళు వచ్చి అదే చాపమీద, ఆ వెచ్చదనం ఆరకముందే నడుం వాల్చేవారు. మా ఊళ్ళో పశువులకైనా ఒక్కోదానికి ఒక్కో గుంజ ఉంటుంది. మూడు రోజులు నేను నోరు తెరవలేదు. నాలుగో రోజు తెరిచాక మా ఆయన నెల్లాళ్ళు తెరవలేదు.

ఆ గదిలోనే నాకు నెల తప్పింది. గోనెపట్టాకి అవతల మగాళ్ళు వింటూ ఉండగా పురుడు పోసుకోవడం నావల్ల కాదు. నాలుగు గోడల మధ్య కనాలి. నాకు కావలసింది అదొక్కటే. వేరే గది అద్దెకి తీసుకుందామంటే ఆయన జీతమంతా అద్దెకే చాలదు.

నాకు ఏడో నెల నడుస్తుండగా, సర్కారువారు కూలీలకి కట్టించిన ఇటుకల వరస ఇళ్ళలో, లైన్లంటారు వాటిని, మాకు గది వచ్చింది. చీటీ చేతికొచ్చింది. నేను వెళ్ళి చూశాను కూడా. కిటికీ ఉంది, వాకిట్లో కొళాయి ఉంది. నాకు అక్కడే కూర్చుండిపోవాలనిపించింది. కానీ మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఆ గదిలో మొగుడూ పెళ్ళాం పిల్లలే ఉండాలి, చుట్టాలు ఉండకూడదు. పని పోయిన రోజున గదీ ఖాళీ చెయ్యాలి.

"మరి నా తమ్ముణ్ణేటి సెయ్యాల? ఈదిలో ఎట్టాలా? ఓడ మీద బరువులు దించేవోణ్ణి, రేపు నడుం పడిపోతే గదీ పోద్ది. సొంతిల్లయితే ఎవుడు పొమ్మంటాడే?" అన్నాడు.

"మావా, నీ నడుం సంగతి రేపటి మాట. నా నడుం సంగతి ఇయాల్టి మాట" అన్నాను.

ఆయన చెప్పింది పూర్తిగా తప్పని నేనిప్పటికీ అనను. ఆయన ఒప్పుకున్నట్టే తల ఊపి, లైనుకి ధరావతు కట్టాలంటూ నా చేతి బంగారు మురుగులు పట్టుకెళ్ళాడు. వారం తిరక్కుండా మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"తామ్వే పేటలో ఇల్లు కొనేసినానే!"

"మరి లైను చీటీ?"

"ఒగ్గీసినాను. మనకెందుకే అది?"

ఓలమ్మో! నా మురుగులు పోయాయి, నేను చూసి వచ్చిన గది పోయింది, నన్నడిగిన పాపాన మాత్రం పోలేదు. ఆ మిఠాయి ఏడుగురు మగాళ్ళూ తిన్నారు. నేను ముట్టలేదు.

తీరా వెళ్ళి చూస్తే ఇల్లు బాగుంది. ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. బర్మావాళ్ళ పద్ధతిలో గుంజల మీద ఎత్తుగా నిలబెట్టిన ఇల్లు. చెక్కల నేల, వెదురు దడులు, ఆకు కప్పు, రెండు గదులు. ఒక బర్మా ముసలమ్మ దగ్గర కొన్నాడు. ప్రతి గుంజనీ కత్తితో పొడిచి, "అన్నీ టేకేనే! పురుగన్నది లేదు" అని మురిసిపోయాడు. పేడతో అలుకుదామంటే పైనంతా చెక్కలే. మనసాగక, ఇంటి కింద జాగా అలికి ముగ్గు పెట్టుకున్నాను. పక్షం రోజులు నా అంత రాణి రంగూన్‌లో లేదు.

ఒక ఉదయం పట్టు లుంగీ కట్టుకున్న బర్మా పెద్దమనిషి గొడుగు ముడుచుకుని వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. కడుపుతో ఉన్నానని చూసి ఎన్నో నెలని అడిగాడు. ఆ తర్వాత ఎంతో మర్యాదగా, "ఇల్లు ఎప్పుడు తీసుకెళ్తారు?" అన్నాడు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. నేల ఆయనది. ముసలమ్మ కౌలు తీరిపోయింది. వానలు పడకముందే ఆ జాగా ఇంకొకరికి అప్పజెప్పాలి. ఇక్కడ గుంజల ఇల్లు కొన్నవాళ్ళు విప్పి బండి మీద పట్టుకుపోతారట. నేల బేరం వేరు, ఇంటి బేరం వేరు!

మా ఆయన సంచౌంగ్ పేటలో కూతురింట ఉన్న ముసలమ్మని వెంటబెట్టుకొచ్చాడు, తగువు పెట్టుకుందామని. ఆవిడ మాకంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది. "గుంజలు పొడిచి పొడిచి చూశాడు. నేల సంగతి ఒక్క మాటా అడగలేదు. విప్పుకుపోయేవాడే అనుకున్నాను!" అంది. అడగడమేమిటి? ఆవుని కొనేవాడు కాళ్ళు కూడా వస్తాయా అని అడుగుతాడా? మా వైపు నేల లేకుండా ఇల్లెవరు కొన్నారు, ఎవరమ్మారు? ఇల్లు కట్టి చూడమన్నారు గానీ కొని చూడమన్న పెద్దమనిషి ఒక్కడూ లేకపోయాడు.

ఆయన లైన్లకి పరిగెత్తాడు. మా గది గుమ్మానికి అప్పటికే ఎవరిదో పసుపు.

నిలబెట్టుకునే జాగా దొరక్క మా ఆయన ఇంటిని కలప అడితివాడికి అమ్మేశాడు. విప్పడానికి అడితి మనుషులు కత్తులు పట్టుకుని వచ్చిన రోజునే నాకు నొప్పులు మొదలయ్యాయి. కప్పు మీది ఆకు సగం లాగేశారు. నేను వేసిన కేకకి పైనున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తన పాత ఇల్లు విప్పుతుంటే చూడవచ్చిన ముసలమ్మే మంత్రసాని అయింది. కప్పు మిగిలిన గదిలో, నాలుగు దడుల మధ్య ఆడపిల్లని కన్నాను.

బయటినుంచి పెద్దమనిషి గొంతు వినబడింది: "బాలింతని ఏడు రోజులు కదపకూడదు. కత్తులు దించండి."

"మాకు పదకొండు రోజులు!" అని లోపల్నుంచి అరిచాను. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన నవ్వి, పదకొండంటే పదకొండే అన్నాడు.

పదకొండో రోజు పురిటి స్నానం చేశాను. మిట్టమధ్యాహ్నానికి ఇల్లు లేదు. గుంజలు టేకు అడితివాడి బండెక్కాయి. పిల్ల పుట్టిన గది ఏదని వెతుక్కుంటే ఎండలో వరసగా గుంతలు.

మా ఆయన ఆ గుంతల మధ్య నిలబడి నావైపు చూశాడు. "ఏటి సేద్దామే, ఇప్పుడు?" అన్నాడు. మా కాపురం మొదలయ్యాక ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు.

పొత్తిళ్ళలోని పిల్లని ఆయనవైపు చాచాను.

"ముందు పిల్లగుంటనెత్తుకో మావా. ఎండ కొడతంది."