పిండి మాస్టరు పెంచిన సూక్ష్మజీవులు

బేకరీలో అందరూ అతన్ని పిండి మాస్టరు అనేవారు. బ్రెడ్డు పొంగడానికి వాడే పులిసిన పిండిముద్దను ఇరవై రెండేళ్లుగా చావనివ్వకుండా కాపాడుకొస్తున్న మనిషి. రోజూ రెండు పూటలా దానికి పిండీ నీళ్లూ పెట్టేవాడు. తన పెళ్లినాడు కూడా ముందు దాని కడుపు నింపి, ఆ తర్వాతే పెళ్లికి బయల్దేరాడు.

అలాంటివాడి లివర్‌కి కొవ్వు పట్టింది. జన్మలో మందు చుక్క ముట్టలేదని మాస్టరు ఆసుపత్రిలో డాక్టరమ్మకి చెబితే, తోడొచ్చిన బావమరిది నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. నిజానికి మాస్టరు పుచ్చుకున్నదల్లా క్రీము. రోజుకు పది గిన్నెల క్రీము రుచి చూడాలి. కేకు అంచులు కోసినప్పుడు మిగిలిన ముక్కలు పారేయడానికి చేతులు రావాలి కదా. అతనికి చేతులు వచ్చేవి కావు, నోరు ముందుకొచ్చేది.

ఇలాగే ఉంటే లివర్ గట్టిపడుతుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదనీ డాక్టరమ్మ చెప్పేసింది. మాస్టరుకి భయం వేసింది. భార్య స్కానింగు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. ఆరోగ్యవంతుల పేగుల్లోని మంచి బాక్టీరియాను క్యాప్సూళ్లలో నింపి ఇస్తే లివర్‌లో కొవ్వు కరుగుతుందేమో చూస్తున్నారు. కరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మాస్టరు పేరు రాయించుకున్నాడు. అవి ఎవరి పేగుల్లోవని అడిగితే చెప్పకూడదన్నారు. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

సీసా ఇస్తూ, ఫ్రిజ్‌లోనే పెట్టాలని నర్సు మూడుసార్లు చెప్పింది. మాస్టరు మూడుసార్లూ తలూపాడు కానీ లోలోపల ఆ అమ్మాయి మీద జాలిపడ్డాడు. కంటికి కనపడని జీవాల సంగతి తనకే చెబుతుందా? చలికి అవి ముడుచుకుపోతాయి, వెచ్చగా ఉంటేనే పెరుగుతాయి. సీసాను తీసుకెళ్లి బేకరీలో ఓవెన్ మీద, పిండి పొంగడానికి పెట్టే మూలలో పెట్టాడు. పైన తడిగుడ్డ కూడా కప్పాడు.

రోజూ పొద్దున ఒకటి మింగి, ఇక వాటి పోషణలో పడ్డాడు. తీపి ఎక్కువైతే అవి చెడిపోతాయని క్రీము రుచి చూసే పని యజమానికి అప్పగించాడు. నెల తిరక్కుండా యజమాని చొక్కా గుండీలు మొరాయించాయి. తన వంతు చిక్కుళ్లూ, ఆకుకూరలూ, పొట్టు తీయని గింజలూ. వేళ తప్పితే లోపలివి పస్తుంటాయని చేతిలో పని ఆపేసి మరీ తినేవాడు. కదలిక లేకపోతే ఒకచోటే పేరుకుంటాయని రెండు పూటలా నడిచేవాడు. నడుస్తూ నడుస్తూ పొట్ట మీద చెయ్యి వేసి వాటి క్షేమం కనుక్కోవడం భార్య కంట పడింది. ఆవిడ చూడనట్టే ఊరుకుంది.

మూడు నెలలకు మళ్లీ స్కానింగు చేశారు. కొవ్వు మూడో వంతు తగ్గింది. డాక్టరమ్మ సంబరపడి, మిగిలిన క్యాప్సూళ్ల సీసా చేతిలోకి తీసుకుని, దీన్ని ఎక్కడ ఉంచారని అడిగింది. మాస్టరు దాచలేదు, కాస్త గర్వంగానే చెప్పాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“ఆ వేడికి మొదటి రెండు రోజుల్లోనే చచ్చిపోయి ఉంటాయండీ,” అంది.

కొవ్వు తగ్గింది తిండి వల్లా నడక వల్లా అయి ఉంటుందనీ, పరిశోధనలోంచి పేరు కొట్టేయక తప్పదనీ చెప్పింది.

లివర్ బాగుపడిందన్న మాట మాస్టరు చెవికెక్కనే లేదు. నమ్మి చేతికిచ్చిన జీవాలను తన చేతులతోనే చంపుకున్నానని దారి పొడవునా గొణుక్కుంటూనే ఉన్నాడు. ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి, ఇంక ఈ పథ్యమంతా ఎవరి కోసమని అననే అన్నాడు.

తాళం తీయబోతున్న భార్య ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

“మూడు నెలలు చచ్చినవాటి కోసం వేళ తప్పకుండా తిన్నారు,” అంది. “ఇకనుంచి బతికున్న నా కోసం తినండి.”